కంచరపాలెమున చెత్తకు చోటు

కంచరపాలెమును ఎఱుగనివారికి ఆ పేట రైలుకట్టకును జాతీయ రహదారికిని నడుమ ఇమిడిన ఇఱుకు సందుల సముదాయముగ మాత్రమే తోచును; ఎఱిగినవారికో, 1933లో రేవు తెఱువబడినది మొదలు నేటివఱకు విశాఖపట్టణమున వెలసిన ప్రతి పరిశ్రమయు తన కార్మికులలో కొందఱిని కాపురమునకును, తన ధూళిలో కొంతభాగమును శాశ్వతనివాసమునకును పంపిన పేట అది. రేవు నుండి వచ్చు బొగ్గుపొడి ఏ ఋతువున ఎవ్వరి మేడమీద వ్రాలునో, వాన పట్టిన దినమున గెడ్డ పొంగి ఎవ్వరి గుమ్మమును తాకునో, పొంగిన గెడ్డలో ముందుగ తేలివచ్చునది నీళ్ళ సీసాయా, పాల సంచియా, అచ్చటివారికి కంఠస్థము.

అట్టి పేటలో, మెట్టు అను చోటికి సమీపమున, పాత ఇనుపసామానుల కొట్టు నడుపు పెద్దమనిషి యొకరును, నగరపాలక సంస్థలో ఇంజనీరుగ పనిచేసి విశ్రాంతి పొందిన ఆయన వియ్యంకుడును భోగినాడు భోజనానంతరము కావించిన సంభాషణమునకు నేను శ్రోతను. వియ్యంకులగుటచే ఒకరినొకరు తూలనాడుకొనుటకు వీలులేదు. ఆ మర్యాదయే వారి వాదమునకు పదును పెట్టినది. వారు పలికిన క్రమమున గాక, విషయము తేటపడు క్రమమున వ్రాయుచున్నాను, పేర్లు విడిచితిని.

ఇంజనీరు: తెల్లవారుజామున సందుమొగను వేసిన భోగిమంటలో పిల్లలొక విఱిగిన ప్లాస్టిక్ కుర్చీని వేయబోగా మీరు దానిని లాగి కొట్టులోనికి చేర్చితిరట. పండుగనాడైనను వర్తకమునకు సెలవు లేదా, బావగారూ?

వ్యాపారి: వర్తకము మాట అటుంచుడు. ఆ కుర్చీ కాలినచో వెలువడు నల్లని పొగను ముందుగ పీల్చువారు ఆ పిల్లలే గదా. తాతలనాడు ఇంటిలోని పాతవస్తువులను భోగిమంట పాలు చేసిరన్నచో, ఆ పాతవస్తువులు తాటాకు చాపలు, వెదురుబుట్టలు, పుచ్చిన వాసములు. అవి కాలిన బూడిద పెరటిపాదులకు పనికివచ్చెడిది. నేటి పాతవస్తువులు అట్టివి కావు. అయినను ఏడాదికొకనాడు పిల్లలు చేయు పనిని మనము వారించుచున్నాము గాని, కాపులుప్పాడలో మీవారు నెలకొల్పినది నిత్యభోగి! దానిని వారించువారెవ్వరు?

ఇంజనీరు: నిత్యభోగియని నవ్వుటకు ముందు, ఆ మంట లేనినాటి కాపులుప్పాడను తలచుకొనుడు. 2005లో గాజువాకయు చుట్టుపట్ల గ్రామములును కలిసి మహానగరపాలక సంస్థ ఏర్పడినది. 2011 జనాభా లెక్కలనాటికే దాని పరిధిలోని జనులు 17 లక్షలు దాటిరి. నేడు దినమునకు ఇంచుమించు 1,000 టన్నుల చెత్త ఇండ్లనుండియు అంగళ్ళనుండియు బయలుదేఱుచున్నది. దానిని భీమునిపట్టణము దాపున నున్న ఆ కొండల నడుమ ఏండ్ల తరబడి కుప్పవోసితిమి. వేసవిలో కుప్ప రగులుకొనుటయు, వానకాలమున నల్లని ఊట పల్లమునకు దిగుటయు, సమీపగ్రామములవారు మమ్ములను శపించుటయు నేను కన్నులార చూచితిని. 2022లో చెత్తను కాల్చు 15 మెగావాట్ల విద్యుత్కేంద్రము అచ్చట నడువనారంభించిన తరువాత గదా ఆ కొండకు ఎదుగుదల కొంత తగ్గినది! పాతకుప్పను కూడ త్రవ్వి, జల్లెడపట్టి, మట్టిని వేఱు, ప్లాస్టికును వేఱు చేయు బయోమైనింగు పని చేపట్టిరి. నగరమనగా కొట్టు కాదు, బావగారూ. కొట్టువాడు తనకు వలసినది కొని వలదన్నది వీధిలో విడువవచ్చును. నగరపాలక సంస్థకు వలదనుటకు వీలులేదు.

ఈ కడపటి వాక్యము ఇంజనీరుగారి వాదమునకు వెన్నెముక యని నేను భావింతును. వ్యాపారి దానిని ఖండింపలేదు, ప్రక్కదారిని వచ్చెను.

వ్యాపారి: వలదనరాదు, ఒప్పుకొంటిని. కాని పరవాడ యొద్ద సింహాద్రి విద్యుత్కేంద్రము 2,000 మెగావాట్లు ఇచ్చుచుండగా, దాని ప్రక్క మీ 15 ఏపాటివి?

ఇంజనీరు: విద్యుత్తుకొఱకు దానిని కట్టలేదు; కుప్ప తఱుగుటకు కట్టితిమి. విద్యుత్తు ఆ పనికి వచ్చు కూలి.

వ్యాపారి: అట్లయిన దాని ఆహారమేమో చూతము. నా కొట్టునకు వచ్చిన అట్టపెట్టె పొడిగ నున్నచో ఒక ధర; వానకు తడిసినచో సగము ధర; సాంబారు తగిలినచో ధరయే లేదు. నీళ్ళసీసాకు మూత ఒక జాతి ప్లాస్టిక్, సీసా మఱియొక జాతి, చుట్టిన రంగుకాగితము వేఱొక జాతి. మూడును విడదీసిన తరువాతనే మా మీదివాడు తీసికొనును. రాగితీగకు పైతొడుగు కత్తితో ఒలిచిన ధర ఎక్కువ. కాల్చి ఒలిచినచో రాగి నల్లబడి ధర పడిపోవును. స్టీలు గిన్నెకు అయస్కాంతము తాకించి చూతుము. అంటుకొనని దానికి మంచి ధర, అంటుకొన్నది సామాన్యపు ఇనుముతో జత. ఇన్ని విధముల విలువగల సరకు, మీ బండిలోనికి ఎక్కి, నిన్నటి పులుసుతోడను పసిపిల్లల డైపర్లతోడను కలిసి నలిగిన నిమిషమున, ఏ విలువయు లేని చెత్త యగుచున్నది. చెత్త పుట్టుచున్నది ఇంటిలో కాదు బావగారూ, బండిలో.

ఇంజనీరు: అందుకే గదా ఆకుపచ్చ, నీలము, ఎఱుపు బుట్టలిచ్చి తడి, పొడి, హానికరము వేఱుచేయుడని ఇంటింట చెప్పించితిమి. 2021 అక్టోబరు 2న రాష్ట్రమంతట ఆ పథకము మొదలైనది.

వ్యాపారి: బుట్టలు వచ్చినవి, వాటిలో కొన్ని బియ్యపుడబ్బాలుగ మాఱినవి. దానితోపాటు నెలనెలా రుసుమును వచ్చినది; జనులు బుట్టను మఱచి రుసుమును మాత్రమే జ్ఞాపకముంచుకొనిరి. 2024 అక్టోబరు 2న మచిలీపట్నములో ముఖ్యమంత్రి చెత్తపన్ను రద్దు చేయుచున్నామని ప్రకటించినారు. పన్ను పోయినది, చెత్త యున్నది. సరే, మీ కొలిమి మాట చెప్పుడు. తడిచెత్త కాలునా?

ఇంజనీరు: కాలదు. అది దాచవలసిన రహస్యము కాదు. ఢిల్లీలో తిమార్‌పూర్ వద్ద 1987లో డెన్మార్క్ సాయముతో కట్టిన దహనకేంద్రము మూడు వారములు నడచి ఆగిపోయినది. మన చెత్తలో తడియు మట్టియు ఎక్కువ, వేడి తక్కువ. కిలోకు 1,500 కిలోకేలరీలకు తక్కువ కాని వేడినిచ్చుచు, మఱి యే విధముగను పునరుపయోగమునకు రాని చెత్తను పూడ్చరాదు, ఇంధనముగ వాడవలెనని ఘనవ్యర్థములనుగూర్చిన 2016 కేంద్రనియమములు చెప్పినవి. నేటి కేంద్రములలో చెత్తను కొన్ని దినములు గోతిలో నిలువచేసి, నీరు కార్చి, పిదప కొలిమికి పంపుదురు. తిమార్‌పూర్ నాటినుండి మేము కొంత నేర్చుకొంటిమి.

వ్యాపారి: నేర్చుకొన్నది సంతోషము. నా సందేహమిది: మంటకు వేడినిచ్చునవి ఏవి? అట్ట, కాగితము, ప్లాస్టిక్. సరిగా అవియే నేను కొనునవి. మీ కొలిమికి ఏవి ప్రీతియో అవియే నా కొట్టునకును జీవనాధారము. ఇక నా సరకు మీకు పోవలెనా, మీ సరకు నాకు రావలెనా? దినమునకు ఇన్ని టన్నులు చొప్పున ఇచ్చెదమని ఏ నగరమైనను ఒక కొలిమికి మాట యిచ్చినచో, ఆ నగరమున చెత్త తగ్గించువాడు మాట తప్పించువాడగును గదా!

ఇంజనీరుగారు దీనికి వెంటనే బదులు చెప్పలేదు. చెప్పినది బదులు కాదు, ఎదురుదాడి. అందును న్యాయము లేకపోలేదు.

ఇంజనీరు: జీవనాధారమంటిరి కావున చెప్పుచున్నాను, కోపగింపకుడు. మీ వర్తకమున ఏరి తెచ్చువారెవ్వరు? తెల్లవారకముందే గోనెసంచి భుజమున వేసికొని వచ్చు ఆడువారు. వారికి చేతితొడుగు లేదు. ఆసుపత్రి సూదులు గుచ్చుకొన్నచో అడుగువారు లేరు. వారిచ్చు సరకునకు తూకము మీది, ధరయు మీదియే. కొట్టులో సగము రోడ్డుమీద నున్నది. పైగ, అమ్ముడుపోవు సరకు నొక్కటే మీరు తీసికొందురు. లోపల వెండివలె మెఱయు చిప్సుపొట్లమును మీరు కొందురా? షాంపూ పొట్లమును కొందురా? ఒకదానిమీద నొకటి అంటించిన ఆ పొరలను విడదీయువాడు లేడు. అది గెడ్డలోనికి పోవును. గెడ్డ పూడి వాననీరు ఇండ్లలోనికి వచ్చినపుడు జనులు పిలుచునది మీ కొట్టును కాదు, నగరపాలక సంస్థను.

వ్యాపారి: మీరన్నదానిలో ఒక్క మాటయు అబద్ధము కాదు. తూకము మాట మాత్రము నా కొట్టునకు అంటింపకుడు. రోడ్డుమీద కూర్చున్నానంటిరి, అచ్చట గాక ఎచ్చట కూర్చుందును? నగరపటమున గుడికి చోటున్నది, బడికి చోటున్నది, పెట్రోలు బంకునకు చోటున్నది. పాతసామాను వేఱుచేయువానికి ఎన్నడైన ఎవ్వరైన గజము చోటు గుర్తించిరా? 2016 నియమములు ఏరుకొనువారిని గుర్తించి, వారికి గుర్తింపు కార్డులిచ్చి, పనిలో కలుపుకొనవలెనని చెప్పినవని మీరే ఒకనాడు చదివి వినిపించితిరి. పూణేలో ఆ స్త్రీలే సహకార సంఘముగ ఏర్పడి, నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని, ఇంటింటికి పోయి చెత్త తీసికొని, ఇంటివారి నుండి రుసుము పొందుచున్నారట. ఆ గోనెసంచి స్త్రీకి ఒక రేకులషెడ్డు, ఒక బల్ల, ఒక కుళాయి, ఒక జత తొడుగులు ఇచ్చినచో ఆమె మీ ఉద్యోగులలో ఒకతె యగును. ఇయ్యకున్నచో నా కొట్టు ముందు నిలుచు దిక్కులేనిది యగును. ఆమెను దిక్కులేనిదానినిగ చేసినది నా త్రాసు కాదు, మీ పటము.

ఇచ్చటినుండి వాదము పటమునకు మఱలినది. నేను ఈ సంవాదమును వ్రాయ పూనుకొనుటకు కారణము ఈ భాగమే.

ఇంజనీరు: పటమును నిందింపకుడు. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిననాటినుండి ఈ దేశమున చెత్తనుగూర్చి శాసనము కదలినది. 2000లో మొదటి నియమములు, 2016లో రెండవవి వచ్చినవి. ఆ రెండవ నియమములలో నగర ప్రణాళికాశాఖకు స్పష్టమైన విధులు విధించిరి. 200 ఇండ్లకు మించిన గృహసముదాయమునకుగాని, 5,000 చదరపు మీటర్లకు మించిన స్థలమున కట్టు వాణిజ్యభవనమునకుగాని అనుమతి యిచ్చునపుడు, చెత్తను వేఱుచేయుటకును, నిలువ చేయుటకును, అచ్చటనే శుద్ధిచేయుటకును ప్రత్యేకస్థలము చూపవలెను. పారిశ్రామికవాడలలో నూటికి ఐదువంతుల నేలయైనను, కనీసము ఐదు షెడ్లైనను పునరుపయోగ పరిశ్రమలకు విడువవలెను. ఇంతకన్న పటమేమి చెప్పవలెను?

వ్యాపారి: చక్కగ చెప్పినది, మధురవాడ మేడలకు చెప్పినది. మా సందులో 200 ఇండ్ల సముదాయము లేదు. 60 గజములు, 80 గజములు, 100 గజములు – ఇవి మా స్థలములు. ఒక్కొక ఇల్లు చిన్నది గావున ఏ ఇంటికిని నియమము వర్తింపదు. ఇండ్లన్నియు కలిపినచో చెత్త మాత్రము మేడలవారి చెత్తకు తీసిపోదు. చోటు గలవానిని చోటు చూపుమని అడిగినది నియమము. చోటు లేనివాని పక్షమున చోటు చూపవలసినది నగరము.

నేను కలుగజేసికొని, బావగారూ ఇది బలమైన మాట యని ఇంజనీరుగారితో అంటిని. నాకు ఆయన వరుసకు బావగారు కాకపోయినను, ఆ మధ్యాహ్నమున అందఱము ఆ పిలుపునకు అలవాటుపడితిమి. ఆయన తల యూపి ఒక కథ చెప్పెను.

ఇంజనీరు: నా ఉద్యోగకాలమున ఒక పేటలో ఎరువుతొట్లు కట్టించితిమి. సిద్ధాంతమున లోపము లేదు. సర్ ఆల్బర్ట్ హోవర్డ్ 1920లలో ఇండోరులో కూర్చి చూపిన కంపోస్టు పద్ధతియు, 1939లో బెంగుళూరున ఆచార్య అనువారు రూపొందించిన కందకముల పద్ధతియు కళాశాలలో చదివినవాడను. ఆ కాలపు పురపాలక సంఘములు పలుచోట్ల ఊరిచెత్తను ఎరువుగ మార్చి రైతులకు అమ్మెడివని ఎఱుగుదును. మా తొట్లకు ఏమైనది? ఆకుకూరల తుక్కుతో పాటు పాలసంచులు వచ్చినవి, ఎలుకలు వచ్చినవి, వాసన వచ్చినది, ఎదురింటివారి అర్జీ వచ్చినది, తుదకు ఎవ్వరో ఆ తొట్లలో చిక్కుడుపాదు పెట్టిరి. చిక్కుళ్ళు బాగుగ కాచినవని విన్నాను. చెత్తశుద్ధి కావలెనని ప్రతివాడు కోరును. తన కిటికీకి ఎదురుగ మాత్రము వలదనును. అందుచేతనే ఊరికి దూరముగ, ఒకేచోట, బాధ్యత వహించువాడొకడుండునట్లు కేంద్రము కట్టితిమి.

వ్యాపారి: ఆ తొట్లమీద బ్రదుకువాడెవ్వడైన ఉండెనా? కాంట్రాక్టరు కట్టి పోయినాడు. కాపలాదారు జీతము తీసికొని పోయినాడు. ఎరువు అమ్మినచో కూడు, అమ్మకున్న పస్తు అను మనిషి ఒకడుండినచో పాలసంచి ఆ తొట్టిలో పడనిచ్చునా? మా రైతుబజారు చూడుడు. సాయంకాలమునకు కాబేజీ డొప్పలు, ముల్లంగి ఆకులు, కుళ్ళిన టమాటాలు, అరటిబొందలు రాశిపడును. దానిలో ముప్పాతికకు పైగ నీరే. ఆ నీటిని లారీకెక్కించి, డీజిలు కాల్చి, ఇరువది కిలోమీటర్లకు పైగ మోసి, కాపులుప్పాడ గోతిలో కార్చి, కారనిదానిని మంటతో ఆవిరిచేయుదురు. అదే తుక్కు రైతుబజారు వెనుకనే ఎరువైనచో, కూరగాయలు తెచ్చిన రైతు ఖాళీబుట్టలతో దానిని తిరిగి తీసికొనిపోవును. మీరు ఊరిని ఒక్కటిగ చూచి భయపడుచున్నారు. సూర్యాపేటను చూడలేదా? 2003 ప్రాంతమున, లక్షకు అటునిటుగ జనులున్న ఆ ఊరిలో తడిపొడులను ఇంటివద్దనే వేఱుగ తీసికొని, తడిదానిని వానపాముల ఎరువుగ మార్చి, పొడిదానిని అమ్మి, వీధికుండీలను తీసివేసిరి. దేశమంతటినుండి చూడవచ్చిరి.

ఇంజనీరు: సూర్యాపేట సూర్యాపేటయే. విశాఖ ఇరువది సూర్యాపేటలు.

వ్యాపారి: అదియే నేననునది! ఇరువది సూర్యాపేటలని లెక్కవేసి, ఇరువది చోట్ల పనిచేయుడు. ఒక్క కాపులుప్పాడయని లెక్కవేసితిమి గనుక ఒక్క కొండ పెరిగినది. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు.

ఇంజనీరు: ఇంట ఓడి రచ్చ గెలిచిన నగరమును నేను చెప్పనా? 2017లో నగరముల శుభ్రతను లెక్కించు స్వచ్ఛసర్వేక్షణమున దేశములో మూడవస్థానము మనదే.

వ్యాపారి: 2019లో ఇరువదిమూడవది కూడ మనదే.

ఇంజనీరు: తరువాత మరల నాలుగవస్థానమునకు వచ్చినది కూడ చెప్పుడు.

ఈ స్థానముల లెక్కలో ఎంత సేపు గడచెనో వ్రాయుట అనవసరము. వీధి యెంత శుభ్రముగ నున్నదో ఆ లెక్క చెప్పును గాని, ఊడ్చినది ఎచ్చటికి పోయినదో అంతగా చెప్పదని నా అభిప్రాయము. వాదము తిరిగి దారికి వచ్చినది, వ్యాపారి తొట్లకొండను తలచుటచేత.

వ్యాపారి: కాపులుప్పాడకు పోవు మీ లారీలు ఏ కొండల ప్రక్కగ పోవుచున్నవో గమనించితిరా? తొట్లకొండ, బావికొండ. ఆ కొండలమీద రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు నివసించిరి. వారి వినయపిటకములో నొక ముచ్చట కలదు. ఉదయనుడను రాజు ఆనందుని అడిగెనట: ఇన్ని వస్త్రములు దానముగ పొందితిరి, ఏమి చేయుదురు? చినిగిన చీవరములున్నవారికి పంచెదము. ఆ పాత చీవరములను? పరుపులకు కప్పుదుము. పాత కప్పులను? నేల పఱతుము. పాత పఱపులను? కాళ్ళు తుడుచుకొందుము. వాటిని? దుమ్ము దులుపుకొందుము. తుదకు ఆ గుడ్డపీలికలను? ముక్కలుచేసి మట్టితో కలిపి నేలను అలుకుదుము. రాజు సంతోషించి మఱికొన్ని వస్త్రములు ఇచ్చెనట.

ఇంజనీరు: ఆనందునికి పాలసంచి ఎవ్వరును దానమీయలేదు గదా! ఇచ్చియుండినచో ఏ నేలను అలికెడివాడు?

వ్యాపారి: అదియే నా తరువాతి మాట. నేల అలుకుటకైనను పనికిరాని వస్తువు ఊరిలోనికి ఎట్లు వచ్చినది? 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పాఱవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతట నిషేధించిరి. అదే సంవత్సరము ఆగస్టు 26న, ఇదే నగరమున, ఫ్లెక్సీలను నిషేధింతుమని నాటి ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఈ సందుమొగను చూడుడు, పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీ ఎంత పెద్దదో!

ఇంజనీరు: చూచితిని. అందుకే నిషేధములను నమ్మను. జనులు కొనునంతవఱకు వస్తువు వచ్చును. నివారణ మనునది గృహిణి చేతిలో నున్నది గాని, పటము గీయువాని చేతిలో లేదు.

వ్యాపారి: ఉన్నది. పెండ్లి మాట తీసికొందము. మన పిల్లల పెండ్లియే. ఎన్ని ప్లాస్టిక్ పళ్ళెములు, ఎన్ని కాగితపు గ్లాసులు! కాగితపు గ్లాసు లోపల ప్లాస్టిక్ పూత యున్నది. అది నేను కొనను, నేల తినదు. ఆ కల్యాణమండపమున గిన్నెలు కడుగుకొనుటకు చోటు లేదు. ఉండినచో స్టీలు పళ్ళెములు షామియానా కొట్టునుండి అద్దెకు తెచ్చియుందుము. మండపమునకు అనుమతి యిచ్చునపుడు కార్లకు చోటు చూపుమని అడుగుదురు. గిన్నెలు కడుగు చోటు చూపుమని ఏల అడుగరు? ఇది పటము గీయువాని చేతిలోనిది కాదా?

ఇంజనీరు: విశాఖలో త్రాగునీటికే కటకట. వేయి పళ్ళెములు కడుగుటకు నీరెచ్చటిది?

వ్యాపారి: అట్లయిన పాడేరు, అరకు కొండలనుండి అడ్డాకు విస్తళ్ళు తెప్పింపుడు. నీరక్కఱలేదు, కొండవారికి కూలి, ఆవులకు మేత, మిగిలినది ఎరువు.

ఇంజనీరు: అడ్డాకు విషయమున మీతో నాకు తగవు లేదు. మీ యింట నేడు అందులోనే భోజనము చేసితిని. కాని ఒక సంగతి మీరు మఱచుచున్నారు. చెత్తను సరకుగ మార్చినది సద్బుద్ధి మాత్రమే కాదు, శాస్త్రమును శాసనమును. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద ఒకనాడు చెఱువులకు చెఱువులు నిండి, గాలికెగిరి ఊళ్ళమీద పడెడిది. విశాఖలోనే భానుమతీదాసు, కాళిదాసు అను దంపతులు ఆ బూడిదను సున్నముతోడను జిప్సముతోడను కలిపి, బట్టీలో కాల్చనక్కఱలేని ఇటుకను చేయు ఫాల్‌జీ పద్ధతిని రూపొందించిరి. దానికొక పరిశోధనసంస్థనే స్థాపించిరి. 1999లో కేంద్రప్రభుత్వము విద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్లలోపల ఇటుకలలో బూడిద వాడవలెనని ఉత్తర్వు చేసినది. నాడు పాఱవేసిన బూడిదకు నేడు కొనువాడున్నాడు. ఇది కొట్లవలన కాలేదు.

వ్యాపారి: ఇటుకలు చేసినవారెవ్వరు? ఊరూరను రోడ్డుప్రక్క చిన్నచిన్న ఇటుకల షెడ్లు పెట్టుకొన్నవారు గదా! శాస్త్రము మీరిచ్చితిరి, శాసనము మీరిచ్చితిరి, బూడిదను ఊరికి దగ్గఱగ చేర్చితిరి. ఇటుక మావాడు చేసెను. చెత్తకును అంతే చేయుడని అడుగుచున్నాను. కొలిమిని పడగొట్టుమని నేననలేదు. చిప్సుపొట్లమునకు అది యుండవలసినదే, పొట్లము చేయు కంపెనీవాడు దానిని తిరిగి తీసికొను నాటివఱకు. కాని కొలిమికి పోవునది కడపటి శేషముగ నుండవలెను. మొదటి ముద్దగ నుండరాదు.

ఇంజనీరు: మీరడుగు చోటు ఎంత?

వ్యాపారి: వార్డునకు ఐదువందల గజములు. రైతుబజారు వెనుక కొంత, రైలుకట్ట ప్రక్క కొంత. పైకప్పు, గట్టినేల, నీరు, తలుపునకు తాళము, తాళము ఏరుకొనువారి సంఘము చేతిలో.

ఇంజనీరు: రైలుకట్ట ప్రక్క నేల రైల్వేవారిది. వారు ఇయ్యరు. రైతుబజారు వెనుక ఐదువందల గజములున్నచో, రేపటికి అచ్చట దుకాణముల సముదాయము కట్టెదమని పది అర్జీలు వచ్చును. గజము ధర ఎంతో మీకు తెలియును.

వ్యాపారి: కాపులుప్పాడలో వంద ఎకరాల నేల ధర ఎవ్వరు లెక్కించిరి?

ఈ ప్రశ్నకు ఇంజనీరుగారు నవ్వి, కాఫీ వచ్చినదని చెప్పెను; సమాధానము చెప్పలేదు. వాదమున నేనెవ్వరి పక్షమో దాచుట మర్యాద కాదు. వలదనుటకు వీలులేదను ఇంజనీరుగారి మాట నగరధర్మమునకు మూలము. ఆయన కేంద్రము లేక నేటి విశాఖ ఒక వారము గడువదు. అయినను చోటు విషయమున వ్యాపారిదే న్యాయము. ఊరివెలుపల వంద ఎకరములు పాడుపెట్టుటకు వెనుదీయని నగరము, ఊరిలోపల ఐదువందల గజములకు ధర చూచుకొనుట లెక్కకు నిలువదు.

విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థవారు 2041 వఱకు గీసిన ప్రణాళికాపటము కలదు. నగరపాలక సంస్థకు వార్డు పటములును కలవు. కంచరపాలెము కాపురస్థులు, మఱి యే పేటవారైనను, తమ కార్పొరేటరు వద్దకు పోయినపుడు రోడ్డు, కుళాయి, దీపము అడుగుడు. వాటితోపాటు ఆ పటమును విప్పించి, మా వార్డులో చెత్త వేఱుచేయు చోటు ఎచ్చట గుర్తించితిరో వ్రేలుపెట్టి చూపుడని కూడ అడుగుడు. చూపలేనిచో అర్జీ వ్రాసి, దాని నకలుమీద ముద్ర వేయించుకొని, ఇంటికి రండు.